పపదొపూలు: ఒక గ్రీకు స్త్రీ ఇంటిపేరులోని షష్ఠి

గ్రీకు ఇంటిపేర్లలో బహుళ ప్రచారంలో ఉన్నవాటిలో ‘పపదోపులొస్’ ఒకటి. ఆ కుటుంబంలోని స్త్రీ మాత్రం ‘పపదొపూలు’ అవుతుంది. (ఇక్కడి దీర్ఘాలు గ్రీకు ఉచ్చారణలో ఊనిక పడే చోటును సూచిస్తాయి.) ఈ రెండింటి తేడాను లింగభేదంగా చెప్పడం పరిపాటి. రూపాన్ని పరిశీలిస్తే అది నిజానికి విభక్తిభేదం.

‘పపాస్’ అంటే క్రైస్తవ పురోహితుడు, బహువచనం ‘పపాదెస్’. ఇంటిపేరులోని ‘పపద్’ ఆ ప్రాతిపదికే. ‘-పులొస్’ ప్రత్యయానికి మూలం లాటిన్ ‘పుల్లుస్’. జంతువుల కూన, కోడిపిల్ల అని దాని అర్థం. నేటి గ్రీకులో పక్షికి వాడే ‘పులీ’ కూడా అక్కడిదే. తెలుగులో ‘పిల్ల’ శబ్దం కోడికీ మనిషికీ చెల్లినట్టే, అక్కడ కూన అనే అర్థం బిడ్డకు విస్తరించి ‘పురోహితుని కొడుకు’ అనే పేరు ఏర్పడింది. పురోహితునికి కొడుకేమిటన్న సందేహం రోమన్ కాథలిక్ ఆచారం ఎరిగినవారికి కలగవచ్చు. ఆర్థడాక్స్ సంప్రదాయంలో దీక్షకు ముందే వివాహమాడినవారు పురోహితులు కావచ్చు. 691-692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ట్రుల్లో సభ దీనిని ధ్రువీకరించింది.

‘పురోహితుని కూతురు’ అనడానికి గ్రీకులో ‘పపదొపూల’ అనే ప్రథమావిభక్తి రూపం ఉంది. రాకుమారిని ‘వసిలొపూల’ అనడమూ ఇలాంటిదే. ఇంటిపేరు దానిని స్వీకరించలేదు. ‘పపదొపూలు’ అంటే పురోహితపుత్రిక కాదు, ‘పపదోపులొస్ యొక్క’ మనిషి. పదాంతం దీర్ఘమైనప్పుడు ఊనిక ఉపాంత్యానికి జరగాలన్న ప్రాచీన నియమం ఈ రూపంలో నిలిచి ఉంది. వాడుకలో పురుషుని పేరుకు షష్ఠి ‘పపదోపులు’గా ఊనిక మారకుండా వినిపిస్తుంది. స్త్రీ పేరు మాత్రం ఏ విభక్తిలోనూ మారని శిలారూపమైంది.

ఇది అనాదిగా వచ్చిన పద్ధతి కాదు. ‘అలెక్సియడ్’ రచయిత్రి ఆన్నా కొమ్నీని (1083-1153) ఇంటిపేరు కొమ్నినోస్ అనే పేరుకు స్త్రీలింగ ప్రథమారూపం. ఆమె తల్లి ఐరీన్ దూకెన పేరు దూకస్ వంశానిది. 1821 స్వాతంత్ర్య సమరంలో నౌకలు నడిపిన లస్కరీనా బుబులీనా పేరూ ‘-ఈనా’ చేరికతో భర్త ఇంటిపేరైన బుబులిస్ నుంచి ఏర్పడిందే. భర్త పేరే అయినా రూపంలో అది కర్తృపదం. అదే సమరంలో పాల్గొన్న మాంతో మవ్రొయేనుస్ పేరు మాత్రం షష్ఠి.

షష్ఠి తనంతట అధీనతను చెప్పదు. ‘పపదిమిత్రీయు’ (దిమిత్రియొస్ పురోహితునిది) వంటి పేర్లు స్త్రీపురుషులిద్దరికీ ఒకటే. అక్కడ షష్ఠి మూలపురుషుని సూచిస్తుంది. కందుకూరు ‘కందుకూరి’గా మారి వీరేశలింగానికీ రాజ్యలక్ష్మమ్మకూ ఒకేలా చెల్లింది, ఆ ఔపవిభక్తికం చూపేది ఊరిని. పపదొపూలులోని షష్ఠి వీటికి భిన్నం. కుటుంబంలో పురుషునికి ప్రథమ ఉండగా స్త్రీకి మాత్రమే షష్ఠి దక్కింది. పెళ్ళితో ఆ ‘యొక్క’ తండ్రి నుంచి భర్తకు మారేది.

1983లో వచ్చిన 1329వ సంఖ్య చట్టం ఈ మార్పును ఆపింది. అప్పటినుంచి వివాహిత పుట్టింటి పేరునే చట్టరీత్యా నిలుపుకుంటున్నది. చట్టం పేరును మార్చనివ్వలేదు. విభక్తి జోలికి పోలేదు. నేడు పపదొపూలు ఒక దిమిత్రీయును పెళ్ళాడినా పపదొపూలుగానే ఉంటుంది, తండ్రి పేరుకు షష్ఠిగా.