ఫిర్యాదు ఎవరి బల్ల మీదికి వెళుతుంది? మత్తు వ్యాపారం, అధికారుల అవినీతి, సమాచారదారుల రక్షణ

మత్తుపదార్థాల రవాణాలో అధికారుల ప్రమేయం గురించిన చర్చ ఎక్కువగా లంచం మొత్తాల దగ్గరే ఆగిపోతుంది. నిజానికి అవినీతి అధికారి ముఠాకు అమ్మే వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది సమాచారం: దాడి ఎప్పుడు, నిఘా ఏ దారిలో, కబురు ఇచ్చింది ఎవరు. ఈ మూడోది పొక్కితే మనుషుల ప్రాణాలు పోతాయి. కాబట్టి సమాచారదారుడి ఇంటి ముందు కాపలా పెట్టడం కన్నా ముందు, అతని పేరు ఏయే చేతులు మారుతుందో కట్టడి చేయాలి. మెక్సికో అనుభవం ఈ మాటకు గట్టి రుజువు.

1996 డిసెంబరులో ఆ దేశ మత్తు నిరోధక సంస్థకు అధిపతిగా నియమితుడైన జనరల్ హెసూస్ గుతియెర్రెస్ రెబోయో, 1997 ఫిబ్రవరిలోనే హువారెస్ ముఠాతో కుమ్మక్కయిన నేరానికి అరెస్టయ్యాడు. అంతకు కొద్ది వారాల ముందే అమెరికా అధికారులు ఆయన నిజాయితీని బహిరంగంగా మెచ్చుకున్నారు.

ఫెడరల్ పోలీసు విభాగంలో ఉన్నతాధికారి అయిన హావియర్ హెర్రేరా వాల్యెస్ ఉదంతం ఇంకా బాధాకరం. 2008లో ఆయన నేరుగా దేశాధ్యక్షుడు ఫెలిపే కాల్డెరోన్‌కు లేఖలు రాశాడు. ప్రజాభద్రత మంత్రి హెనారో గార్సియా లూనా హయాంలో జరుగుతున్న నియామకాలనూ, ఆపరేషన్ల తీరునూ వాటిలో తప్పుపట్టాడు. ఫలితం? ఉద్యోగం పోయింది. అదే ఏడాది నవంబరులో ముఠాలతో సంబంధాలున్నాయంటూ ఆయన్నే అరెస్టు చేశారు. ఆధారం రక్షిత సాక్షుల వాంగ్మూలాలు. సాక్షులను కాపాడడానికి పుట్టిన ఏర్పాటే ఫిర్యాదుదారుడి మీద ఆయుధమైంది. 2012లో విడుదలయ్యేనాటికి దాదాపు నాలుగేళ్లు జైల్లోనే గడిచిపోయాయి. గార్సియా లూనాను 2023 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టు దోషిగా తేల్చింది. సినలోవా ముఠా నుంచి లంచాలు తీసుకుని కొకైన్ రవాణాకు సహకరించాడన్నది రుజువైంది. 2024 అక్టోబరులో 38 ఏళ్లకు పైగా శిక్ష పడింది. మొదటి లేఖకూ దోష నిర్ధారణకూ మధ్య పదిహేనేళ్లు గడిచాయి. శిక్ష వేసింది కూడా పరాయి దేశపు కోర్టు.

మెక్సికోలోని అయేందే పట్టణంలో జరిగిన హత్యాకాండలో బలైనవాళ్లలో చాలామందికి ఎవరో సమాచారం ఇచ్చిన సంగతే తెలియదు. 2011లో అమెరికా మత్తు నిరోధక సంస్థ జేతాస్ ముఠా నాయకుల ఫోన్ల గుర్తింపు సంఖ్యలు సంపాదించి మెక్సికో పోలీసుల ప్రత్యేక దళానికి అందజేసింది. అక్కడి నుంచి ఆ సంగతి ముఠాకు పొక్కిందని 2017లో ప్రొపబ్లికా పరిశోధన బయటపెట్టింది. సమాచారం ఇచ్చారని ముఠా అనుమానించిన వాళ్ల బంధువులను, పనివాళ్లను, ఇరుగుపొరుగును పదుల సంఖ్యలో చంపేశారు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. ఆ ప్రత్యేక దళానికి సారథ్యం వహించిన ఇవాన్ రేయెస్ ఆర్సాతేకు మరో ముఠాతో కుమ్మక్కయిన కేసులో 2022లో బ్రూక్లిన్ కోర్టు పదేళ్ల శిక్ష వేసింది.

ఇప్పుడు మన చట్టాల వైపు చూద్దాం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నిరోధక) చట్టం కుమ్మక్కయిన అధికారి పట్ల కఠినంగానే ఉంది. 59వ సెక్షన్ కింద పది నుంచి ఇరవై ఏళ్ల కఠిన కారాగారం పడుతుంది. అయితే ప్రభుత్వ ముందస్తు అనుమతి లేనిదే కోర్టు ఆ కేసు చేపట్టరాదు. సమాచారం ఎక్కడిదో చెప్పమని అధికారిని బలవంతం చేయరాదని 68వ సెక్షన్ అంటుంది. ఈ రక్షణ కోర్టు బోనులో పనిచేస్తుంది, ఆఫీసు గదిలో కాదు. 42వ సెక్షన్ ప్రకారం, నమోదు చేసిన సమాచారం నకలు 72 గంటల్లో పై అధికారికి చేరాలి. తప్పుడు కేసుల నుంచి అమాయకులను కాపాడే నిబంధన అది, తీసేయమనడం సరికాదు. కానీ పై అధికారే ముఠా మనిషైతే? ఆ నకల్లో సమాచారదారుడి ఆచూకీ తెలిపే వివరం ఒక్కటీ ఉండకూడదని నిబంధనలు స్పష్టంగా చెప్పాలి.

సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకంలోనూ ఇదే లోపం ఉంది. సాక్షికి ముప్పు ఎంతో నివేదిక ఇవ్వాల్సింది ఆ సబ్‌డివిజన్ ఏసీపీ లేదా డీఎస్పీ. నిందితుడు ఆ సబ్‌డివిజన్‌లోనే పనిచేసే పోలీసైనప్పుడు, సాక్షి చిరునామా అతని పై అధికారి చేతికే అందుతుంది.

మత్తు వ్యాపారంతో సంబంధం లేకపోయినా ఇంజనీరు సత్యేంద్ర దూబే గుర్తుకొస్తాడు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాస్తూ పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఆ లేఖ శాఖల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్య జరిగింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా గడిచాక వచ్చిన విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టం 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఫిర్యాదుదారుడి పేరు బయటపెట్టినవారికి మూడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. అమలు తేదీ నోటిఫికేషన్ మాత్రం ఇంతవరకు రాలేదు.

గంజాయి గురించి చెప్పమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1972 నంబరునూ, తెలంగాణ ప్రభుత్వం 1908 నంబరునూ ప్రచారం చేస్తున్నాయి. పాడేరు మన్యంలోని గిరిజన యువకుడైనా, హైదరాబాద్ కళాశాల విద్యార్థి అయినా ఆ పిలుపును నమ్మే ఫోను చేస్తారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ సాక్షుల రక్షణ పథకం ప్రకటించాలంటోంది. పోలీసులో, ఎక్సైజ్ సిబ్బందో నిందితులైన మత్తు కేసుల్లో ముప్పు నివేదికను ఆ జిల్లా యంత్రాంగానికి వదలకుండా జిల్లా జడ్జి నేరుగా మరో జిల్లా అధికారితో తెప్పించుకునేలా రెండు ప్రభుత్వాలూ తమ పథకాల్లో రాయాలి. దీనికి పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కరలేదు.