పమేలా యెవరి సొత్తు? – 1741వ సంవత్సరపు అనుకృతిగ్రంథములు

ఒక గ్రంథకర్త సృజించిన పాత్రను బాఠకులు తమదానినిగా జేసికొని, యాకథకు దామే యుత్తరభాగములు కల్పించుటయు, దానిని దలక్రిందులు చేసి వేఱొకకథగా జెప్పుటయు నేటికాలమున 'ఫ్యాన్ ఫిక్షన్' అను పేర బరగుచున్నవి. పేరు క్రొత్తదైనను బని ప్రాతది. ఆంగ్లవాఙ్మయమున నట్టిరచన లొక్కయేటిలో గుంపుగా వెలువడి, మూలకర్తను గలతపెట్టి, తుదకు నవలయొక్క గతినే మార్చిన సంవత్సరము క్రీ. శ. 1741. దానికంతటికి గారణమైన గ్రంథము శామ్యూల్ రిచ్చర్డుసను రచించిన 'పమేలా'. ఆయనుకృతులలో నేవి నిలిచినవి, యేవి మఱవబడినవి, యట్లగుటకు హేతువేమి యను విషయము విచారింపదగియున్నది.

రిచ్చర్డుసను (1689–1761) వృత్తిచే ముద్రాపకుడు. లండనునగరమున ఫ్లీటువీధిచెంత సాల్సుబరీకోర్టున నాతని ముద్రాలయ ముండెను. రివింగ్టను, ఆస్‌బరను అను పుస్తకవిక్రేత లిరువురు, సామాన్యజనుల కుపయోగించునట్లు మాదిరిలేఖల సంపుట మొకటి కూర్పుమని యాతని గోరిరి. పరగృహములలో గొలువుండు యువతుల కెట్టి ప్రమాదములు వాటిల్లునో హెచ్చరించు లేఖలు వ్రాయుచుండగా నాతని మనస్సున నీకథ రూపొందెను. 1739 నవంబరు 10వ తేదీని మొదలిడి 1740 జనవరి 10వ తేదీకి ముగించితినని యాతడే తరువాత నొకలేఖలో జెప్పుకొనెను. గ్రంథము రెండుసంపుటములుగా 1740 నవంబరు 6వ తేదీని వెలువడెను.

కథ సులభమైనది. పదునైదేండ్ల పమేలా బెడ్‌ఫర్డుషైరులో నొక ధనికురాలియింట బరిచారిక. యజమానురాలు మృతినొందగా, నామె కుమారుడు మిస్టర్ బి. యనువాడు పమేలాను లోబఱచుకొన జూచును. ఆమె లొంగదు. లింకన్‌షైరులోని మఱియొకభవనమున నామెను నిర్బంధించును. ఆమె తలిదండ్రులకు లేఖలును, దినచర్యయు వ్రాయుచు గాలము గడపును. ఆవ్రాతలు చేజిక్కి చదివినపిదప నాతని మనస్సు కరగి, యామెను ధర్మపత్నిగా స్వీకరించును.

ఈ గ్రంథమునకు లభించిన యాదరము మిక్కిలి గొప్పది. 1741వ సంవత్సరమున ఫిబ్రవరి, మార్చి, మే, సెప్టెంబరు మాసములలో గ్రమముగా రెండవది మొదలు అయిదవదివఱకు ముద్రణములు వెలువడెను. పమేలాను జదువకుండుట నగరమున నప్పుడు వచ్చియున్న ఫ్రెంచి, యిటాలియను నర్తకులను జూడకుండుటవంటి లోపముగా నెంచబడుచున్నదని 'జెంటిల్మన్స్ మ్యాగజీను' ఆయేటి జనవరిసంచికలో వ్రాసెను. స్లోకాక్ అను మతాచార్యుడు సదర్కునందలి దేవాలయవేదికనుండియే యీగ్రంథమును బ్రశంసించెను. ఏప్రిలు 28వ తేదీపత్రికలో, పమేలావృత్తాంతములు చిత్రింపబడిన విసనకఱ్ఱల విక్రయమునుగూర్చి ప్రకటనము వెలువడెను.

ఇంతటి సంచలనమునకు హేతువు కథాసౌందర్య మొక్కటియే కాదు. ఒకపరిచారిక తనయాత్మకును దొరసానియాత్మకును విలువయందు భేదములేదని తలచుటయు, నాతలంపు వివాహముచే సఫలమగుటయు గొందఱకు ధర్మవిజయముగా దోచెను. మఱికొందఱకు నది శీలమును వెలకట్టి యమ్ముకొనుటగా గనబడెను. 'సత్ప్రవర్తనకు సత్ఫలము' అను నర్థమిచ్చు ఉపనామమే వివాదమునకు మూలమయ్యెను. ఫలము నాశించి చేసినది సత్ప్రవర్తన యెట్లగునని ప్రతిపక్షులు ప్రశ్నించిరి. దేశమున బమేలావాదులు, పమేలాప్రతివాదులు నను రెండుకక్ష్య లేర్పడినవని డెన్మార్కుదేశపు రచయిత హోల్బర్గు సయితము పేర్కొనెను.

ఇట నొకవిషయము ముఖ్యముగా గమనింపవలసియున్నది. ముఖపత్రమున గ్రంథకర్త పేరు లేదు. రిచ్చర్డుసను తాను గ్రంథకర్తనని చెప్పక, నిజముగా వ్రాయబడిన లేఖలను సంపాదించి ప్రకటించు పరిష్కర్తగా మాత్రమే కనబడెను. కథకు విశ్వసనీయత గూర్చుటకై చేసిన యీయుపాయమే యాతనికి శత్రువయ్యెను. లేఖలు నిజమైనవైనచో బమేలా యెవరిసృష్టియు గాదు. ఒకనికి గొన్నిలేఖలు దొరకినట్లే మఱియొకనికి మఱికొన్ని దొరకవచ్చును. 'ఇవి నావి' యని వాదింపవలెనన్నచో 'ఇవి కల్పితములు' అని యొప్పుకొనవలెను. అనుకర్త లీసందునుండియే లోపల బ్రవేశించిరి.

ఆయేటి యనుకృతులను నాలుగువిధములుగా విభజింపవచ్చును. మొదటివి వికటానుకృతులు. వీనిలో బ్రధానమైనది ఏప్రిలునెల మొదట వెలువడిన 'షామెలా'. దీనిని గానీ కీబర్ అను మాఱుపేరున వ్రాసినవాడు హెన్రీ ఫీల్డింగు అని విమర్శకులు నిర్ణయించియున్నారు. ఇందలి కథానాయిక శీలవతిగా నటించు జిత్తులమారి, అసలుపేరు షామెలా. మిస్టర్ బి. కి బూబీ, యనగా మందమతి, యని పూర్తిపేరు పెట్టబడెను. ఇదియు బ్రామాణికపత్రముల యథాతథప్రతులే యని ముఖపత్రమున జాటుకొనెను. అనగా రిచ్చర్డుసను ఎక్కిన నిచ్చెననే ఫీల్డింగును ఎక్కెను. జూనునెలలో ఎలిజా హేవుడ్ అను రచయిత్రి 'యాంటీ-పమేలా' ప్రకటించెను. దానినాయిక సిరీనా ట్రిక్సీ, తల్లి నేర్పిన కపటముతో బురుషులను వలలో వేయజూచి, మాటిమాటికి భంగపడుచుండును. 1720 ప్రాంతమునాటికే ప్రణయకథలచే బ్రసిద్ధి గాంచిన హేవుడ్, సేవకురాలి స్థితిగతులను ఫీల్డింగువలె బరిహాసముతో గాక, లోకానుభవముతో జిత్రించినది.

రెండవవి ఖండనములు. ఏప్రిలునందే 'పమేలా సెన్సర్డ్' అను ననామక గ్రంథము వెలువడెను. నీతిబోధకమని చెప్పబడు నీకథయందు గామోద్దీపకములైన ఘట్టములు గలవని యాఖండనకర్త యాక్షేపించెను. విచిత్రమేమనగా, దోషము చూపుటకై యాఘట్టములనే యాతడు విస్తారముగా నుదాహరించెను. మూడవవి రూపాంతరములు. వచనకథను బద్యములుగా మార్చుయత్నము లొకవంక జరుగుచుండగా, నవంబరు 9వ తేదీని గుడ్మన్స్ ఫీల్డ్సు నాటకశాలయందు హెన్రీ గిఫర్డు కూర్చిన 'పమేలా' ప్రహసనము ప్రదర్శింపబడెను. అంతకు మూడువారములముందు మూడవరిచర్డువేషమున నగరమును మోహింపజేసిన డేవిడ్ గారిక్, ఇందు జాక్ స్మాటర్ అను విలాసపురుషుని పాత్రను ధరించెను.

నాలుగవవి యుత్తరకథలు. రిచ్చర్డుసను హృదయమును గాయపఱచినవి యివియే. వివాహానంతరము పమేలా ధనికులనడుమ నెట్లు మెలగినదో తెలిసికొనవలెనని పాఠకులకు గుతూహలము గలిగెను. రిచర్డు చాండ్లరు అను పుస్తకవిక్రేత, యాకుతూహలమును ధనముగా మార్చుకొన నెంచి, జాన్ కెల్లీ యను రచయితను నియోగించెను. కెల్లీ వ్రాసిన 'పమేలాస్ కాండక్ట్ ఇన్ హై లైఫ్' మొదటిసంపుటము మేనెల చివరను, రెండవది సెప్టెంబరునను వెలువడెను. ఇదియు బమేలాయొక్క మూలపత్రములనుండి ప్రకటింపబడినదని ముఖపత్రము చెప్పుచున్నది.

ఈ వృత్తాంతము రిచ్చర్డుసను తనబావమఱదియు, బాత్‌నగరమునందలి పుస్తకవిక్రేతయు నగు జేమ్సు లీకునకు ఆయేటి యాగస్టుమాసమున వ్రాసిన లేఖవలన దెలియుచున్నది. కథను ముగించినచోటనే విడువవలెనని యాతని యభిప్రాయము. రెండవభాగములయెడ బాఠకులకు ముందుగనే యనాదరముండునని యాతడెఱుగును. చాండ్లరు ప్రయత్నము విని యాతడాక్షేపింపగా, మీరే మాకొఱకు వ్రాసినచో గెల్లీరచన నాపుదుమని చాండ్లరు ప్రతిపాదించెను. తనయింటి కన్నము వేసినవాడే కావలికి జీతమడిగినట్లున్న యీబేరమును రిచ్చర్డుసను తిరస్కరించి, తానే కథను గొనసాగించుచున్నానని పత్రికలలో బ్రకటించెను.

అట్లు ప్రకటించుటకంటె నాతనికి వేఱుదారి లేకుండెను. 1710వ సంవత్సరపు శాసనము గ్రంథప్రతిని బునర్ముద్రించువారినుండి రక్షించునేగాని, యందలి పాత్రకు గ్రొత్తకథ కల్పించువారినిగూర్చి యేమియు జెప్పలేదు. ఆశాసన మైర్లాండునకు వర్తింపకుండుటచే డబ్లినునగరమున బునర్ముద్రణమునకు సయితమడ్డు లేకుండెను. పమేలా మూడు, నాలుగు సంపుటములు 1741 డిశంబరు 7వ తేదీని వెలువడెను. మఱుచటి జనవరిలో నాలుగుసంపుటములకును బదునాలుగేండ్ల రాజానుజ్ఞను రిచ్చర్డుసను సంపాదించెను.

ఆయుత్తరభాగమున బమేలా గృహిణిగా, మాతగా, సదుపదేశకురాలుగా గనబడును. శిశుశిక్షణమునుగూర్చి లాక్ పండితుని గ్రంథమును జర్చించును. తాను జూచిన నాటకములను విమర్శించును. భర్త వేఱొకస్త్రీయందు మనసుపెట్టినాడను శంకచే బాధపడును. అయినను మొదటిభాగమునందలి భయము, త్వర, ప్రాణముమీదికి వచ్చినవేళ వ్రాసిన లేఖల వేడిమి యిందు లేవు. విమర్శకు లిది మొదటిభాగమునకు సరిరాదని యేకగ్రీవముగా దలచుచున్నారు. చెప్పవలసినది యుండి వ్రాసిన గ్రంథమునకును, ఇతరులు చెప్పకుండ నాపుటకై వ్రాసిన గ్రంథమునకును గల భేదమిది. అనుకర్తలవలన రిచ్చర్డుసను పొందిన నష్టము ధనముగాదు. తాను మూయదలచినద్వారమును బరులు తెఱువగా, దానిగుండ దానును నడువవలసివచ్చుట.

అయినను నిందావాక్యములవలన నాతనికి లాభమును గలిగెను. పమేలా మాటతీరు మొదలగు విషయములందు వచ్చిన యాక్షేపములను మనస్సున నుంచుకొని, యాతడు ముద్రణము ముద్రణమునకు బాఠమును సవరించుచు వచ్చెను. ఆతని కడపటి సవరణలతో గూడిన పాఠము, మరణానంతరము నలువదేండ్లకు, 1801లో వెలువడెను. తొలిముద్రణమునందలి పల్లెపలుకుల బాలికకును, తుదిపాఠమునందలి మర్యాదస్త్రీకిని గల యంతరమున 'షామెలా' మొదలగువాని నీడలు చూడవచ్చును.

ఫీల్డింగుమాట యట్లుండగా, 'షామెలా'తో నాతని ప్రశ్న ముగియలేదు. 1742 ఫిబ్రవరి 22వ తేదీని 'జోసెఫ్ ఆండ్రూసు' వెలువడెను. ఇందు నాయకుడు పమేలాకు సోదరుడు. బూబీవంశమునకే చెందిన యజమానురాలియింట నౌకరు. ఆమె దురాశకు లొంగనివాడు. పరిహాసము పమేలాకథను స్త్రీపురుషవ్యత్యయముతో దిరిగి చెప్పుటతో మొదలయ్యెను. కాని జోసెఫ్ కొలువు కోల్పోయి త్రోవబట్టి, ఆడమ్సు అను నమాయక మతాచార్యుని గలిసికొన్నపిదప, గ్రంథము తనకాళ్లపై దాను నడువసాగెను. వచనమున వ్రాయబడిన హాస్యేతిహాసమని ఫీల్డింగు పీఠికలో దీనికి లక్షణము చెప్పెను. కథాంతమున జోసెఫ్ పమేలాకు సోదరుడు కాడని, వేఱొకగృహస్థుని బిడ్డ యని బయల్పడును. ఎరువుతెచ్చుకొన్న చుట్టఱికమును దీర్చుకొని గ్రంథము స్వగృహము చేరినది. ఏడేండ్లకు, 1749లో, 'టామ్ జోన్సు' వెలువడుటకు దారి యిక్కడనే యేర్పడెను.

పరదేశములలో బమేలా మఱికొన్ని రూపములెత్తెను. ఇటలీయందు గోల్డోనీ 1750లో నాటకము వ్రాయుచు, నాయికతండ్రి నిజమునకు స్కాట్లండుదేశపు ప్రభువని తేల్చెను. ప్రభువంశజుడు సామాన్యురాలిని బెండ్లాడుట వెనిసునగరమున సంతానమున కెట్టి హాని గలిగించునో యాతడెఱుగును. ఆసవరణ మొక్కటియే రిచ్చర్డుసను చేసిన సాహసమెంతటిదో తెలుపుచున్నది.

వీనినన్నిటిని బరిశీలింపగా నొకవిషయము స్పష్టమగుచున్నది. కెల్లీయుత్తరకథ పమేలాను గౌరవించినట్లే కనబడినను, దానికి దనదైన ప్రశ్న లేదు. నేడు పండితులుదప్ప దానిని జదువువారు లేరు. థామస్ కీమర్, పీటర్ సాబరు అను విద్వాంసులు 2001లో ఆఱుసంపుటములుగా బ్రకటించిన వివాదగ్రంథసంకలనమున నాకాలపు రచనలను జూడవచ్చును. 'షామెలా'యు, 'యాంటీ-పమేలా'యు మూలమును నిందించినను, 'శీలమునకు ఫలమేమి?' అను ప్రశ్నను మూలముకంటె దీవ్రముగా నడిగినవి, కావున నిలిచినవి. ప్రేమచే వ్రాసినదా, ద్వేషముచే వ్రాసినదా యనుట ప్రధానముకాదు. పాత్రను ఋణముగా దెచ్చుకొన్నవాడు దానితో నేమి యడిగెననుటయే ప్రధానము.

రిచ్చర్డుసను ఈపాఠమును గొంతవఱకు గ్రహించెను. 1747–48లో 'క్లరిస్సా' వెలువడునప్పుడు, నాయిక మరణింపరాదని పాఠకులు ప్రార్థించిరి. ఆతడు ముగింపును మార్చలేదు. అయినను లేడీ ఎక్లిన్ అను పాఠకురాలు తరువాత దానిష్టపడిన ముగింపును వ్రాసి పంపగా, దానిని జదివి యామెతో లేఖలలో జర్చించెను. చాండ్లరునకు మూసినతలుపు ఎక్లినుకు దెఱువబడెను. ఒకడు బమేలాను సరకుగా జూచెను. మఱియొకతె క్లరిస్సాను మనిషిగా దలచి దుఃఖించెను. ఆ దుఃఖమునకు హేతువైన ప్రాణమును బాత్రలో నుంచినవాడు తానేయని రిచ్చర్డుసను ఎఱుగును.