పగిలిన ఓడ ఎవరిది?



మన పోచంపల్లిలో ఏ వీధిలో నడిచినా మగ్గం చప్పుడు వినబడుతుంది. దారానికి కట్లు కట్టి, రంగులలో ముంచి నేసే ఈ విద్య ఇరవయ్యవ శతాబ్దంలో చీరాల ప్రాంతం నుండి మన ఊరికి చేరినది. ఆ చీరాలకు దగ్గరలోనే సముద్రపు ఒడ్డున మోటుపల్లి అనే గ్రామమున్నది. పదమూడవ శతాబ్దంలో అది ఓరుగల్లు కాకతీయుల పెద్ద రేవు. ఈ దినము ఆ రేవులోని ఒక శాసనమును గూర్చి ధ్యానము చేద్దాము.

ఆ కాలంలో తీరమందు ఒక కఠినమైన ఆచారముండేది. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొని వస్తే, అందులోని బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు అన్నీ ఆ ఒడ్డును ఏలే రాజులు బలవంతముగా తీసుకొనేవారు. ప్రాణంతో బయటపడిన వర్తకుడు సముద్రం చేతిలో ఒకసారి, మనిషి చేతిలో మరొకసారి నష్టపోయేవాడు.

1244-45లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనము వేయించాడు. పూర్వపు రాజులు అలా చేశారు గాని, ప్రాణాలకు తెగించి సముద్రము దాటి వచ్చినవారి మీద కనికరముతో మేము నిర్ణయించిన సుంకము మాత్రమే తీసుకొని మిగిలినది వారికే విడిచిపెడుతున్నామని దాని భావము. ఆ సుంకము ముప్పై వంతులలో ఒక వంతు. ఇందులో రాజుకు లాభము లేదా? ఉన్నది. న్యాయమున్న రేవుకే ఓడలు వస్తాయి. అయినను చేతికందిన సొమ్మును వదులుకొనుట చిన్న విషయము కాదు.

ఆ న్యాయము పేరు ఎంత దూరము వెళ్ళినదో చూడండి. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చైనా నుండి తిరుగు ప్రయాణంలో 1292-93 ప్రాంతంలో మన సముద్రాల మీదుగా వెళ్ళాడు. అతని గ్రంథంలో 'ముత్ఫిలి' అన్నది మన మోటుపల్లియే. అక్కడి సన్నని బట్టలను సాలెగూటితో పోల్చాడు. ఆ దేశమేలిన రాణి న్యాయమును, సమాధానమును ప్రేమించినదని మెచ్చుకొన్నాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. అయితే మన నల్గొండ జిల్లా చందుపట్లలోని 1289 నాటి శాసనము ఆమె మరణమును తెలుపుచున్నది. రాణి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆమె మంచి పేరు ఓడలెక్కి ప్రయాణము చేసినది!

ఆ సంవత్సరాలలోనే జాన్ ఆఫ్ మాంటెకొర్వినో అనే ఇటలీ సన్యాసి చైనాకు సువార్త తీసుకొని వెళ్తూ పదమూడు నెలలు ఇండియాలో ఉన్నాడు. అతని సహచరుడు నికోలస్ ఇక్కడే చనిపోయి, మైలాపూరులోని తోమా దేవాలయంలో సమాధి చేయబడ్డాడు. పరదేశికి ఆఖరికి కావలసినది చేర్చుకొనే ఒడ్డు ఒక్కటే గదా! అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు చదవండి. పౌలుతో కూడ 276 మంది ఉన్న ఓడ బద్దలైనప్పుడు, మెలితే ద్వీపవాసులు వారిని దోచుకొనలేదు. వానలో, చలిలో మంట వేసి చేర్చుకొన్నారు.

ప్రియులారా, మనకు సముద్రము లేదు. కాని ఓడలు పగులుట ఆగినదా? మగ్గం ఆగి, అప్పు పెరిగి, పొరుగువాడు ఇల్లు అమ్ముకొనే రోజున మనము ఎక్కడ నిలబడుతున్నాము? సగం ధరకు వచ్చునని ముందుగా వెళ్ళి బేరమాడుతున్నామా? చట్టప్రకారమే కొన్నామని తరువాత మనస్సాక్షికి చెప్పుకొంటున్నామా? ఆనాడు ఒడ్డును ఏలిన రాజులు కూడా ఆచారప్రకారమే తీసుకొన్నారు!

గణపతిదేవుడు పరుల సొమ్ము ముట్టనన్నాడు. మన ఊరిలోనే ఒకరు అంతకంటె ముందుకు వెళ్ళారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట, భూమిలేని దళిత కుటుంబాలకు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే పుట్టినది.

ఈ వారము మీ వీధిలో ఎవరి ఓడ పగిలినదో చూడండి. అక్కడికి వెళ్ళినప్పుడు బేరము కాదు, మంట వేయుటకు కట్టెలు తీసుకొని వెళ్ళండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.