రాతి తీరపు నత్తలు: జాబితా నుంచి చిరునామా దాకా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లకు బండరాయి కొత్త కాదు, సముద్రమే దూరం. హిందూపురం వైపు నుంచి పారే పెన్న, ధర్మవరం మీదుగా వచ్చి అందులో కలిసే చిత్రావతి, రెండింటి నీళ్లూ చివరికి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో పడతాయి. అక్కడ కనిపించేది ఇసుకే. కృష్ణా, గోదావరి సముద్రంలో కలిసే చోట్లా ఇసుక, ఒండ్రు. రాతిని కరుచుకుని బతికే సముద్ర నత్తకు ఆంధ్ర తీరంలో అసలైన నెలవు విశాఖపట్నం, భీమిలి చుట్టుపక్కలే. తూర్పు కనుమల ఖొండలైట్ రాయి అక్కడ నీళ్లలోకి దిగుతుంది.

మొదట్లో పండితులకు నత్త అంటే గుల్లే. 1767లో లిన్నేయస్ మన శంఖానికి శాస్త్రీయనామం పెట్టాడు. 1898లో మెల్‌విల్, స్టాండెన్ మద్రాసు తీరపు గుల్లల జాబితా అచ్చువేశారు. 1914లో మద్రాసు మత్స్యశాఖకు చెందిన జేమ్స్ హార్నెల్ ఒక్క శంఖం మీదే గ్రంథం రాశాడు. శంఖం ఇసుక నేలలో ఉండేది, పైగా సర్కారుకు రాబడి తెచ్చేది. రాతి మీది గోరంత నత్తకు ఆ యోగం పట్టలేదు. గుల్ల ఏ ఎత్తులో దొరికిందో చెప్పని జాబితా నా దృష్టిలో సగం సమాచారమే.

ఆ మిగతా సగానికి దారి చూపింది స్టీఫెన్‌సన్ దంపతులు. రాతి తీరాల్లో జీవులు ఎత్తును బట్టి పట్టీలుగా సర్దుకుంటాయని 1949లో ప్రతిపాదించారు. విశాఖలో ఆటుపోట్ల తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూ. అంత కొద్ది ఎత్తులోనే ఎన్ని కాపురాలో! అన్నిటికన్నా పైన, నీటి తుంపర మాత్రమే తగిలే పగుళ్లలో లిట్టోరినా నత్తలు మూత బిగించుకుని ఎండను ఓర్చుకుంటాయి. వాటి కింద నెరిటాలు నాచు గీరుకు తింటాయి. ఇంకా కింద, రాతికి అంటుకుని ఉండే బార్నకిల్ జీవుల గుంపుల మధ్య థాయిస్ తిరుగుతుంది. అది వేట నత్త, ఎదుటి గుల్లకు కన్నం వేసి లోపలి మాంసం తింటుంది. మరీ దిగువన, తడి ఆరని చోట టర్బో, ట్రోకస్ జాతులు.

ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్. గణపతి నడిపిన పరిశోధన ఈ చరిత్రలో మేలిమలుపు. ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1964లో ఇదే తీరపు నాచుల మీద అధ్యయనం ప్రచురించారు. నత్త మేత తెలియకుండా నత్త తెలియదు కదా. 1971లో బాలపరమేశ్వరరావు, గణపతి టోపీ ఆకారపు లింపెట్ నత్త సెల్లానా రేడియేటా మీద వ్యాసాలు వెలువరించారు. రాతి మీద అది ఉండే ఎత్తును బట్టి గుల్ల రూపం ఎలా మారుతుందో పరిశీలించారు. పేరు నుంచి బతుకులోకి అడుగుపెట్టిన పని అది.

2001లో కొన్ని సముద్ర నత్తలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి. 2003లో భారత జంతు సర్వేక్షణ సంస్థ తరఫున ఎన్.వి. సుబ్బారావు దేశంలోని సముద్ర గుల్లలపై గ్రంథం తెచ్చారు. ఈలోగా తీరమూ మారింది. ఇసుక తీరంలో అలలను ఆపడానికి పోసిన బండలు కూడా రాతి నత్తలకు ఇల్లవుతాయి. కొండ నుంచి పగలగొట్టి తెచ్చిన రాయైనా వాటికి అభ్యంతరం లేదు.

విశాఖ వెళితే ఆటు వేళ చూసుకుని రాళ్ల దగ్గరికి దిగండి. తిప్పి చూసిన రాయిని మళ్లీ అలాగే బోర్లించండి. ప్రాణమున్న నత్తను మాత్రం ఇంటికి తేవద్దు.