స్విచ్చి వేసిన తొలి క్షణం

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం ఇమ్మని ఫోన్ చేసిన సంఘం మిత్రుడు దాంతోపాటు ఇంకో పని కూడా అప్పజెప్పాడు. మన బడి సామాన్ల గదిలో పాత మైకు ఆంప్లిఫయర్ ఒకటి బయటపడిందట. "నువ్వు రేడియోల మనిషివి గదా, ఉత్సవం నాడు ప్రార్థన దాంట్లనే వినిపించాలె, జర చూడు" అన్నాడు. వెళ్లి దుమ్ము దులిపి మూత విప్పాను. లోపల రెండు 807 వాల్వులు, పక్కన పగిలిన కండెన్సరు మచ్చ కనిపించాయి. చూడగానే గుర్తుపట్టాను. 1984 జనవరి 26న దీన్ని కాల్చింది నేనే. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు తొర్రూరు వరంగల్ జిల్లాలో ఉండేది. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీది ఊరు. చుట్టూ బావుల మీద మోటార్లు. అవన్నీ ఒక్కసారి నడిస్తే ఇంట్లో బల్బు ఎర్రటి తీగలా మిగిలేది. కరెంటు పోవడం, రావడం, వచ్చి మళ్లీ పోవడం మనకు కొత్త కాదు. ఆ రోజు జెండా వందనానికి ముందు కూడా అట్లాగే పోయింది. అరగంట తర్వాత వచ్చింది. మైకు దగ్గర స్విచ్చి బాధ్యత నాది. వేశాను, శబ్దం లేదు. ఆపి మళ్లీ వేశాను, అప్పుడూ లేదు. వరుసగా ఐదారుసార్లు టకటకా వేసి తీశాను. లోపల 'టప్'మని పేలి, కాలిన కాగితం వాసన వచ్చింది. సైన్స్ సారు పరుగున వచ్చి ప్లగ్గు పీకారు. "స్విచ్చి ఏసి పది లెక్కవెట్టాలె బిడ్డా" అన్నారు, అంతే. ఎన్నిసార్లు వేశావని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పెట్టెను ఆయనే బస్సులో వరంగల్ తీసుకుపోయి బాగుచేయించారు. ఖర్చు సొంత జేబులోదని తర్వాత చాలా రోజులకు తెలిసింది.

శబ్దం ఎందుకు రాలేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల చిన్న హీటరు ఎర్రగా కాగితే, దాని చుట్టూ ఉన్న గొట్టం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. అప్పుడే వాల్వు పనిచేస్తుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ చేసిన మొదటి వాల్వు నుంచి సూత్రం ఇదే. మైకు ఆంప్లిఫయర్లో వాడే వాల్వులు కాగడానికి ఇరవై ముప్పై సెకండ్లు పడుతుంది. అంటే ఆ రోజు ఆంప్లిఫయర్ బాగానే ఉంది. ఆగలేనిది నేను.

ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక అమెచ్యూర్ రేడియో పిచ్చి పట్టింది. ఈ సరదాలో ఉన్నవాళ్లను హామ్‌లు అంటారు. ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, సొంత ట్రాన్స్‌మీటరుతో దేశదేశాల వాళ్లతో మాట్లాడేవాళ్లన్నమాట. 1983లో ఎస్. సూరి, ఆయన కాల్ సైన్ వీయూ2ఎంవై, హైదరాబాదులో నెలకొల్పిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వల్ల మన ప్రాంతంలో ఎంతోమంది ఇందులోకి వచ్చారు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో వాళ్ల రేడియోనే మెయిన్‌లాండుకు కబుర్లు మోసింది. నేనూ నిమిషానికి ఐదు మాటల వేగంతో మోర్స్ పరీక్ష పాసై రెండో గ్రేడు లైసెన్సు తెచ్చుకున్నాను.

కొత్త సెట్టు కొనే స్తోమత లేదు. ఒక పెద్దాయన తన పాత ట్రాన్స్‌మీటరు ఇచ్చారు. అందులో చివరి వాల్వు ఏమిటో తెలుసా? అదే 807. దీన్ని రేడియో ప్రసారానికీ, మైకు ఆంప్లిఫయర్లకూ ఒకేలా వాడేవారు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టబోతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నారు. బల్ల కింద నుంచి ఒక చెక్క తీశారు. దాని మీద ఒక హోల్డరు, 100 వాట్ల బల్బు, ఒక సాకెట్టు ఉన్నాయి. "ముందు దీని గుండా ఇవ్వు" అన్నారు. రేడియో మెకానిక్కుల దుకాణాల్లో మనం చూసిన సీరీస్ బల్బు బోర్డే అది. ఆ పూట ఆయన చెప్పింది నా ఇంజనీరింగు పుస్తకాల్లో ఎక్కడా ఇంత తేటగా లేదు.

బల్బునే తీసుకోండి. 230 వోల్టుల మీద 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు తీగ నిరోధం 529 ఓములు. అదే బల్బును చల్లగా ఉన్నప్పుడు మీటరుతో కొలిస్తే 40 ఓముల దగ్గర ఉంటుంది. అంటే స్విచ్చి వేసిన ఆ క్షణాన మామూలుకన్నా పది రెట్లకు పైగా కరెంటు దూసుకొస్తుంది. బల్బులు చాలావరకు స్విచ్చి వేసేటప్పుడే మాడిపోవడానికి కారణం ఇదే. వాల్వు హీటరుదీ అదే కథ. 807 హీటరు 6.3 వోల్టుల మీద 0.9 ఆంపియరు తీసుకుంటుంది, అంటే వేడి మీద 7 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో ఐదారో వంతే. దీనికి తోడు మరో రెండు దెబ్బలున్నాయి. ఒకటి, ట్రాన్స్‌ఫార్మరు ఇనుప కోరు తొలి అర చక్రంలో నిండిపోయి ఒక్క ఊపున కరెంటు లాగడం. రెండోది, ఖాళీగా ఉన్న ఫిల్టరు కండెన్సర్లు నిండడం. మూడూ ఒకే క్షణంలో జరుగుతాయి. సీరీస్‌లో బల్బు ఉంటే ఆ వరదకు అది తూములా అడ్డుపడుతుంది. లోపల షార్టు ఉంటే సెట్టు కాలకుండా బల్బే పూర్తిగా వెలిగి చెబుతుంది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పడానికి ఇంగ్లండులో టామీ ఫ్లవర్స్ అనే పోస్టాఫీసు ఇంజనీరు కొలోసస్ అనే యంత్రం కట్టాడు. 1944 ప్రారంభంలో పనిలోకి దిగిన మొదటి దానిలోనే 1,500కు పైగా వాల్వులు ఉన్నాయి. అన్ని వాల్వులు ఉంటే రోజుకొకటి పోతుందని అందరూ అనుమానించారు. టెలిఫోన్ ఎక్స్చేంజీల అనుభవంతో ఫ్లవర్స్ చెప్పింది ఒక్కటే: వాల్వులు పనిచేస్తూ చావవు, ఆపి వేస్తేనే చస్తాయి. అందుకే యంత్రాన్ని ఆపనేలేదు. తర్వాత అమెరికాలో సుమారు 18,000 వాల్వులతో కట్టిన ఎనియాక్‌లోనూ వాల్వులు ఎక్కువగా పోయింది వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడే.

ఇళ్లలో రేడియోలను రాత్రింబవళ్లు నడపలేం కదా. దానికి వేరే దారి వెతికారు. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే పదార్థం ఉంటుందని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడులో గమనించాడు. వందేళ్ల తర్వాత 1930లలో జర్మనీలో యురేనియం డయాక్సైడుతో అలాంటి ముక్కలు చేసి, ఉర్డాక్స్ పేరుతో రేడియోల్లో పెట్టారు. చల్లగా ఉన్నప్పుడు కరెంటుకు అడ్డుపడి, తాను వేడెక్కాక దారి ఇచ్చేస్తుంది. దాని వారసుడే ఇవాళ మన టీవీల్లో, కంప్యూటర్ల పవర్ సప్లైల్లో ఉండే నల్లటి, పచ్చటి బిళ్ల, థర్మిస్టరు. ప్రపంచమంతా హామ్‌లు పాత సెట్లకు ఇప్పుడు దీన్నే సీరీస్‌లో పెడుతున్నారు. తేలిక, చవక.

నేనూ పెట్టాను. హైదరాబాదులో బాగానే పనిచేసింది. సెలవులకు సెట్టును తొర్రూరు తెచ్చాక దాని లోపం బయటపడింది. కరెంటు పోయి రెండు సెకండ్లలో తిరిగి వస్తే థర్మిస్టరు ఇంకా వేడిగానే ఉంటుంది, అంటే గేటు తెరిచే ఉంటుంది. అది చల్లారడానికి నిమిషమో అంతకన్నా ఎక్కువో కావాలి. ఆ తొందర కరెంటుకు మన ఊళ్లో లోటేముంది? మూడోసారికి ఫ్యూజు పోయింది. మన దగ్గర పనికొచ్చేది రెండు మెట్ల పద్ధతి. మొదట 47 ఓముల పెద్ద వైరువౌండ్ రెసిస్టరు గుండా కరెంటు వెళుతుంది. రెండు సెకండ్ల తర్వాత ఒక రిలే ఆ రెసిస్టరును దాటవేస్తుంది. మెయిన్స్ శిఖరం 325 వోల్టులు కాబట్టి ఎంత చెడ్డ క్షణంలో స్విచ్చి వేసినా 7 ఆంపియర్లు దాటదు. కరెంటు పోగానే రిలే వదిలేస్తుంది. మళ్లీ వస్తే మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

ఇక మన ఆంప్లిఫయర్ సంగతి. పోయిన నెల విప్పి చూశాక 1984 నాటి నేరంలో నాకొక భాగస్వామి దొరికాడు. అందులో రెక్టిఫయర్ వాల్వు ఉండవలసిన చోట అంతకుముందే ఎవరో మెకానిక్కు బీవై127 డయోడ్లు వేశాడు. అప్పట్లో అందరూ చేసిన పనే, వాల్వు ఖరీదు, డయోడు చవక. కాని నెమ్మదిగా కాగే రెక్టిఫయర్ వాల్వు తక్కినవన్నీ కాగేదాకా హై వోల్టేజీని ఆపి ఉంచేది. డయోడు ఆగదు. ట్రాన్స్‌ఫార్మరు 400 వోల్టులది, దాని శిఖరం 565. వాల్వులు చల్లగా ఉండి కరెంటు తీసుకునేవారు లేకపోతే ఆ 565 వోల్టులూ 450కి చేసిన కండెన్సరు మీద పడతాయి. అంటే స్విచ్చి వేసిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం చస్తూనే ఉంది. నేను వరుసగా ఐదారుసార్లు వేసి పని పూర్తిచేశాను.

సారు ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నారు, ఎనభై దాటింది. ఫోన్ చేసి అంతా చెప్పాను. స్విచ్చి సంగతి ఆయనకు గుర్తేలేదు. "దాని ట్రాన్స్‌ఫార్మర్ మస్తు బరువుండెరా, ఒళ్లె వెట్టుకుంటే వరంగల్ దాకా తొడలు నొచ్చినయ్" అన్నారు. తర్వాత ఏం పోయింది, ఎందుకు పోయిందని వివరంగా అడిగి విన్నారు. "అట్లయితే పది లెక్కవెడితె సాలదు గద, ముప్పై అనాల్సి ఉండె" అని తనను తానే దిద్దుకున్నారు. నాకు గొంతు పెగల్లేదు.

కండెన్సర్లు కొత్తవి వేశాను. రెండు మెట్ల పెట్టె కట్టాను. వాల్వులు కాగేదాకా హై వోల్టేజీ రాకుండా ముప్పై సెకండ్ల టైమరు కూడా పెట్టాను. ఉత్సవం నాడు ప్రార్థనకు పది నిమిషాల ముందే స్విచ్చి వేద్దాం. ఎవరూ మధ్యలో ముట్టుకోవద్దు.

ఒక విన్నపం. మన మిత్రుల ఇళ్లలో అటకల మీద తాతల కాలం నాటి మర్ఫీ, ఫిలిప్స్, బుష్ రేడియోలు ఇంకా ఉంటాయి. పండక్కి వచ్చినప్పుడు సరదాకు ప్లగ్గు పెట్టకండి. ఏళ్లుగా ఎండిన కండెన్సరు ఆ తొలి క్షణాన్ని తట్టుకోదు. విప్పి చూసే ప్రయత్నమూ వద్దు, లోపలి వోల్టేజీ ప్రాణం తీస్తుంది. నాకు కబురు చేయండి. సీరీస్ బల్బు చెక్క పట్టుకుని నేనే వస్తాను.