బహ్లా కోట చెప్పే పాఠం

మస్కట్ నుంచి నిజ్వా మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు వెళ్తే బహ్లా వస్తుంది. అక్కడి కోటను రాతి పునాదుల మీద పచ్చి ఇటుకలతో కట్టారు. పన్నెండవ శతాబ్ది నుంచి పదిహేనవ శతాబ్ది చివరిదాకా ఆ ప్రాంతంలో ప్రబలిన బనూ నభాన్ తెగ వైభవానికి అది గుర్తు. 1987లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మరుసటి ఏడే, 1988లో, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. వానలు పడ్డప్పుడల్లా గోడలు కొంత కరిగిపోయేవి.

అక్కడ డబ్బొక్కటే చాలలేదు. మట్టి కట్టడాల లోతు తెలిసిన నిపుణులు కావలసి వచ్చారు. మట్టి గోడను మట్టితోనే బాగుచేయాలన్నది వారి సూత్రం. ఆ దారిన పని నడిచి, 2004లో కోట ప్రమాద జాబితా నుంచి బయటపడింది. పదహారేళ్లు పట్టింది!

మట్టి గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి ఉండదు. మా వైద్యుల మాటలో, చీము తీయకుండా పైన కుట్లు వేసినట్టే.

ఇక్కడ మనలో చాలామందివి అద్దె ఇళ్లు. మనం బాగుచేయించేది ఊళ్లోని తాతలనాటి ఇంటిని. నెలరోజుల సెలవులో పని ముగియాలన్న తొందరలో గానుగ సున్నపు గోడలకు సిమెంటు పూయించడం మామూలైపోయింది. ముందు ఒక ఇంజనీరును పిలుద్దాం. తేమ ఎక్కడినుంచి వస్తున్నదో కనుక్కోమందాం. సున్నం పని తెలిసిన పాత మేస్త్రీని వెతుకుదాం. అంచనా కాగితం మీద చూసుకున్నాకే డబ్బు పంపుదాం. రోగమేదో తెలిశాకే గదా మందు!