ఇద్దరు చాలన్న కాలం, మా ఇంటి లెక్క

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా వంశవృక్షాన్ని ఒక ఎక్సెల్ షీట్‌లో వేద్దామని కూర్చున్నా. పైన తాత, అవ్వ. వాళ్ల కింద ఆరు గళ్లు. ఆ ఆరుగురి కింద పద్నాలుగు. పద్నాలుగు మందిమీ పెళ్లిళ్లు చేసుకున్నాం, మా కింద ఇప్పటికి పదకొండు గళ్లే. షీట్ చూపిస్తే మా పెద్ద మేనత్త కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఆరు కాదురా, తొమ్మిది. మూడు నిలవలేదు" అనింది.

ఆ మాటతోనే ఈ వ్యాసం మొదలయింది. నేను చదివింది అంతా కన్నడ మీడియంలో, తెలుగు రాయడం ఇంట్లో మా నాయన దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

మాది శిడ్లఘట్ట దిక్కు. అప్పుడు కోలారు జిల్లా, 2007 నుంచి చిక్కబళ్లాపుర జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ. పట్టుపురుగుల పెంపకం మా ఇంటి పని. పురుగు పండే ముందు చివరి వారం రాత్రీ పగలూ ఆకు వెయ్యాలి, చంద్రికలు సర్దాలి. అప్పట్లో దానికి కూలీలను పిలిచేవాళ్లు కాదు, పిల్లల్ని లేపేవాళ్లు. "తొమ్మిది కాన్పులు ఎందుకమ్మా" అని ఈ కాలం వాళ్లం అడుగుతాం గానీ, అవ్వ లెక్క వేరే. 1971లో కూడా మన దేశంలో పుట్టిన వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. 2020కి అది 28కి దిగింది. పుట్టినవాళ్లు బతుకుతారని నమ్మకం కుదిరితే గదా, ఇద్దరు చాలనుకోవడం.

మన దేశంలో కుటుంబ నియంత్రణ అనగానే ఢిల్లీ గుర్తుకొస్తుంది. నిజానికి మన సీమే ముందు. 1930లోనే మైసూరు సంస్థానం ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భనిరోధక క్లినిక్‌లు పెట్టడానికి ఆదేశం ఇచ్చింది. ఒక ప్రభుత్వమే ఆ పని చెయ్యడం ప్రపంచంలో అదే మొదలని చెప్తారు. 1952లో భారత ప్రభుత్వం దేశమంతటికీ కార్యక్రమం మొదలుపెట్టింది, ఏ దేశమూ అంతకు ముందు అట్లా చెయ్యలేదు. మొదట్లో అది సలహా మాత్రమే. తర్వాత గోడల మీద ఎర్ర త్రికోణం వచ్చింది. తెలుగులో "మేమిద్దరం, మాకిద్దరు", కన్నడంలో ఆరతికి ఒక కూతురు, కీర్తికి ఒక కొడుకు అనే మాట. నేను చదివిన బడి గోడ మీద ఆ త్రికోణం 1990లలో కూడా వెలిసిపోయి ఉండేది. అది ట్రాఫిక్ గుర్తేమో అనుకునేవాణ్ణి.

సలహా కాస్తా లెక్కలయింది. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో ఒక పెద్ద శిబిరం పెట్టి, నెలరోజుల్లోనే 63 వేలకు పైగా మగవాళ్లకు ఆపరేషన్ చేశారు. అది చూసి అందరికీ శిబిరాల పిచ్చి పట్టింది. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్‌లో, కేంద్ర మంత్రి కరణ్ సింగ్ జాతీయ జనాభా విధానం ప్రకటించాడు. ఆడపిల్లకు పెళ్లి వయసు 18, మగపిల్లవాడికి 21. ఆపరేషన్ చేయించుకుంటే ఇద్దరు పిల్లల లోపువాళ్లకు 150 రూపాయలు, ముగ్గురుంటే 100, నలుగురూ ఆపైన ఉంటే 70. రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే సాయంలో 8 శాతాన్ని ఈ పనికి ముడిపెట్టారు.

ఆ ఏడాది, 1976-77లో, దేశానికి టార్గెట్ 43 లక్షల ఆపరేషన్లు. జరిగినవి 82 లక్షలకు పైన. అందులో మూడొంతులు మగవాళ్లవి. ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్, హర్యానాలోని ఉత్తావర్ లాంటి పేర్లు అప్పుడే చరిత్రలోకి ఎక్కాయి. ఆపరేషన్ల వల్ల పోయినవాళ్లు 1,774 మంది అని తర్వాత షా కమిషన్ లెక్క తేల్చింది.

ఉత్తరాదిలో జరిగినంత ఘోరం మన దిక్కు జరగలేదు. కానీ ఏమీ జరగలేదని కూడా అనలేం. మా తాత తమ్ముడు, మేమంతా చిన్నతాత అంటాం, ప్రైమరీ స్కూలు మేష్టరు. ఆయనకు ఇన్ని "కేసులు" తేవాలని పైనుంచి చెప్పారట. ఊళ్లో అడిగితే తలుపులు వేసుకున్నారు. చివరికి తానే పోయి చేయించుకుని, మా తాతనూ తీసుకుపోయాడు. అప్పటికి మా అవ్వకు కాన్పులు ఆగిపోయి చాన్నాళ్లయింది! ఆ సర్టిఫికెట్ వల్ల పుట్టకుండా ఆగిన బిడ్డ ఒక్కరూ లేరు, కానీ రిజిస్టర్‌లో మాత్రం కేసు పడింది. ఇద్దరన్నదమ్ములూ ఆ సంగతి బతికినన్నాళ్లూ ఆడవాళ్ల ముందు మాట్లాడుకోలేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నెలకు ఇన్ని బగ్‌లు పట్టాలని టార్గెట్ పెడితే ఏమవుతుందో మా పనిలో అందరికీ తెలుసు. ఒక్క బగ్గును అయిదుగా విడగొట్టి రాస్తారు. ప్రభుత్వానికి అది తెలియడానికి 1996 వరకూ పట్టింది, ఆ ఏప్రిల్‌లో దేశమంతటా టార్గెట్లు ఎత్తేశారు. ఎత్తేశారు అంటే కాగితం మీద అనుకోండి.

అసలు ఎమర్జెన్సీ వదిలిన మచ్చ ఇంకోటుంది. 1977 ఎన్నికల్లో ఇందిరా గాంధీ ఓడిపోయింది, ఆ ఓటమికి నస్‌బందీ కూడా ఒక కారణం. ఆ తర్వాత మగవాళ్ల జోలికి పోవడానికి ఏ పార్టీకీ ధైర్యం చాల్లేదు. "కుటుంబ నియంత్రణ" పేరు మార్చి "కుటుంబ సంక్షేమం" అన్నారు, భారమంతా ఆడవాళ్ల కడుపు మీద పెట్టారు. మగవాడికి పది నిమిషాల పని, ఆడమనిషికి పొట్ట కొయ్యాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్ల ఆపరేషన్లు 37.9 శాతం, మగవాళ్లవి 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లవి 69.6 శాతం, దేశంలోనే ఎక్కువ. కర్ణాటకలో 57 దాటింది. అక్కడ చాలామందికి ఇరవై అయిదు నిండకముందే ఈ పని అయిపోతుంది.

మా అమ్మకు 1993లో చేశారు. నా తర్వాత చెల్లెలు పుట్టింది, అంతే. ఒక శిబిరంలో, ఒకే రోజు చాలామందికి. మంచాలు చాలక కింద చాపల మీద పడుకోబెట్టారట. మూడోరోజు చీము పట్టింది. నెలన్నర లేవలేదు, ఆ పంటకు గూళ్లు మా మేనత్తలే ఏరారు. ఇప్పటికీ బిందె ఎత్తితే నడుము పట్టుకుంటుంది. "నిన్నెవరైనా అడిగారా" అంటే నవ్వుతుంది. "మీ నాయనకు చేయిస్తే పొలం పని ఎవరు చేస్తారు అన్నారు" అంటుంది. తాను చేసింది పని కాదన్నట్టు! 2014లో బిలాస్‌పుర్ శిబిరంలో 13 మంది ఆడవాళ్లు చనిపోయాక, 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపెయ్యాలని చెప్పింది.

ఇంకో కథ సరిహద్దు అవతలది. మా చిన్న మేనత్తను మదనపల్లె దిక్కు ఇచ్చారు. ఆమె కొడుకు సర్పంచికి నిలబడాలని తిరిగాడు, కుదరలేదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 మే నెల దాటాక మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులు. వాడికి ముగ్గురు. మా ఊరు అక్కడికి బస్సులో కొన్ని గంటలే, ఇక్కడ అట్లాంటి రూల్ లేదు. ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న మనవాళ్లకు మాత్రం ఇది తెలిసిన సంగతే. హర్యానా చట్టం మీద కేసు పడితే 2003లో సుప్రీంకోర్టు చట్టం సరే అనింది. నిర్మలా బుచ్ అయిదు రాష్ట్రాల్లో తిరిగి చేసిన అధ్యయనంలో ఈ దెబ్బ తగిలింది ఎక్కువగా దళితులకు, పేదలకు, ఆడవాళ్లకు అని తేలింది. పదవి కోసం బిడ్డను దత్తత ఇచ్చేసినవాళ్లు, భార్యను వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. అంతకు ముందు నెలలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనండి అని చెప్పాడు. 1997లో జనాభా తగ్గించడానికి రాష్ట్ర విధానం తెచ్చినప్పుడూ ముఖ్యమంత్రి ఆయనే. మా అత్త కొడుకు ఫోన్ చేసి, "ఇప్పుడు చెప్తారా, నా వయసయిపోయింది" అన్నాడు.

ఎందుకు మారిందంటే, లెక్క తిరగబడింది. ఆ సర్వేలోనే ఒక్కో ఆడమనిషికి సగటున పిల్లలు కర్ణాటకలో, ఆంధ్రలో 1.7, బీహారులో 3. జనం నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. లోక్‌సభ సీట్లను 1971 జనాభా లెక్క దగ్గర 1976లో ఆపారు, తగ్గించిన రాష్ట్రాలు నష్టపోకూడదని. 2001లో గడువు అయిపోతే మళ్లీ 2026 దాకా పొడిగించారు. నిధుల్లో మాత్రం ఆ రక్ష లేదు. పదిహేనో ఆర్థిక సంఘం 2011 జనాభాను లెక్కకు తీసుకుంది. జనాభా అదుపుకు 12.5 శాతం మార్కులు పెట్టినా, కేంద్ర పన్నుల్లో కర్ణాటక వాటా 4.71 నుంచి 3.65 శాతానికి పడిపోయింది. దానికి జనాభా ఒక్కటే కారణం కాదు, తలసరి ఆదాయం కూడా ఉంది. అయినా మా అమ్మ నడుము నొప్పికి రాష్ట్రానికి దక్కింది ఇదేనా అని నాకు కోపం వస్తుంది.

లాభం లేదని అనను. తాత నాలుగెకరాలు ముగ్గురన్నదమ్ములకు పంచితేనే బావి నీళ్ల దగ్గర తగువులయ్యాయి. మేం ఇద్దరమే కాబట్టి చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ చేసింది, నేను బెంగళూరుకు వచ్చాను. మేనత్తల్లో ఒక్కరూ ఏడో తరగతి దాటలేదు. ఇది ఆపరేషన్ చేసిన మేలా, బడి చేసిన మేలా, టీకాల మేలా అంటే నేను విడదీసి చెప్పలేను. బలవంతం లేకుండానే కేరళ, తమిళనాడు ఇదే చోటికి వచ్చాయి కదా.

మనలాంటి ఇళ్లలో దీనికి ఇంకో ముఖం ఉంది. బయట కన్నడం, లోపల తెలుగు అంటే, లోపల మాట్లాడేవాళ్లు ఉండాలి. నాకు తెలుగు నేర్పింది ఒక్క నాయనే కాదు, పదమూడు మంది అన్నలూ అక్కలూ చెల్లెళ్లూ, పొయ్యి దగ్గర ముగ్గురు మేనత్తలు. నా కూతురు ఒక్కతే. నాకు తమ్ముడు లేడు కాబట్టి దానికి చిన్నాయన లేడు. ఆ మాట మా వీధిలో ఎవరినో పిలవగా విని, అది మనిషి పేరనుకుంది.

ఆ నిలవని ముగ్గురికీ షీట్‌లో గళ్లు కలిపాను. పెద్ద మేనత్తకు ఒక్క పేరే గుర్తుంది, వెంకటలక్ష్మి. మిగతా ఇద్దరికీ పేరు పెట్టేదాకా రాలేదంటుంది. పాత పురుడు లెక్కలు రాసిన చీటీలు గానీ, నామకరణం పుస్తకం గానీ మన చుట్టాల్లో ఎవరింటనైనా ఉంటే ఫోటో తీసి పంపండి.